ఇంగ్లీషు మాటలలో కాలము

ఉదయము పదిగంటలకు రైలుబండి స్టేషనులోనికి వచ్చినదనుకొందము. ప్లాట్‌ఫారము మీద నలుగురు నిలిచియున్నారు. నలుగురును ఇంగ్లీషులోనే మాటలాడుచున్నారు. బండి వచ్చినదనియే నలుగురును చెప్పుచున్నారు. కాని మొదటివాడు ఆ వాక్యములో 'ఆల్‌రెడీ' యను మాట చేర్చినాడు. రెండవవాడు 'జస్ట్' అను మాట చేర్చినాడు. మూడవవాడు 'ఎట్ లాస్ట్' అన్నాడు. నాలుగవవాడు ఏ మాటయు చేర్చలేదు. స్టేషను గడియారములోని ముల్లు ఆ నలుగురికిని ఒక్కచోటనే కనబడుచున్నది. అయినను నలుగురు చెప్పినది ఒక్కటి కాదు.

మొదటివానికి ఇంకను టిక్కెట్టు కొనుట కాలేదు; బండి తొందరపడి వచ్చినట్లు అతనికి తోచినది. రెండవవాడు పరుగున వచ్చి బండి నందుకొన్నవాడు. ఒక్క నిమిషము ముందు బండి లేదు, ఇప్పుడున్నది అనుటయే అతని మాటకు భావము. మూడవవాడు తెల్లవారుజామునుండి కాచుకొని విసిగినవాడు. నాలుగవవాడు బహుశః స్టేషను ఉద్యోగి. బండి రాకపోకలు అతనికి నిత్యకృత్యములు.

ఈ చిన్న మాటలను వ్యాకరణమున క్రియావిశేషణములందురు. మన పాఠశాలలలో వీనిని కాలమును తెలుపు మాటలని చెప్పి విడిచిపెట్టుట కలదు. మేము చెప్పదలచినది ఇంతే: వీనిలో పెక్కు మాటలు కాలమును చెప్పునవి కావు. కాలమును గూర్చి మాటలాడువాడు ఏమి ఎదురుచూచినాడో, ఆ ఎదురుచూపు ఫలించినదో లేదో చెప్పునవి. ఈ సంగతి తెలియక నిఘంటువును మాత్రము నమ్ముకొన్నవాడు తప్పులేని వాక్యము వ్రాసియు, తాను తలపని భావమును ఎదుటివానికి అందించును.

తెలుగునకు ఈ విద్య క్రొత్తది కాదు. మనము 'ఇప్పుడు' అందుము, 'ఇప్పుడే' అందుము. 'నిన్న' అందుము, 'నిన్ననే' అందుము. మాట చివర చేరిన ఆ ఒక్క ఏత్వము మన మనస్సులోని భావమంతయు మోయును. ఇంగ్లీషులో మాటకు చివర చేర్చుటకు అట్టి అక్షరము లేదు. అందుచేత వారు ప్రత్యేకముగ ఒక మాటను తెచ్చి ముందో వెనుకనో నిలుపుదురు. చిక్కు ఎచ్చట వచ్చుననగా, మన ఏత్వము ఒక్కటే గాని, దానికి బదులుగ ఇంగ్లీషులో నిలువదగిన మాటలు పెక్కులు. ఒకదానికి బదులు మరొకటి నిలిపినచో అర్థము తలక్రిందులగును.

దీనికి మిక్కిలి అపాయకరమైన ఉదాహరణ మొకటి చూపుదుము. ఒక ఉద్యోగిని గూర్చి పైయధికారికి మంచిమాట చెప్పవలసి వచ్చినది. ఇతరులు పదకొండింటికి వచ్చుచుండగా అతడు పదింటికే వచ్చునని తెలుగున అనుకొంటిమి. 'ఏ' అనగా 'ఓన్లీ' యని చిన్నప్పుడు నేర్చుకొన్నాము గదా! కావున 'హి కమ్స్ ఓన్లీ ఎట్ టెన్' అని వ్రాసితిమి. ఇంగ్లీషువాడు దానిని చదివి, ఇతడు పదింటికి గాని రాడు, అంతవరకు ఇతని జాడయే యుండదు అని గ్రహించును. మెచ్చుకోలు ఫిర్యాదుగ మారినది! వేళకు ముందు చేరిన 'ఓన్లీ' ఆలస్యమును చెప్పును. మన ఏత్వము ఇచ్చట తొందరను చెప్పుచున్నది. 'పదింటికే' యని మనమనునది వారి భాషలో 'యాజ్ అర్లీ యాజ్ టెన్' అగును. 'ఓన్లీ' మాటను తీసికొనిపోయి 'ఎట్ టెన్ ఓన్లీ' యని చివర పెట్టుట మన దేశమున వాడుకలో నున్నది. మన మధ్య అది చెల్లుబాటగును; విదేశీయునికి మాత్రము అది వింతగ వినబడును.

పదింటికి గాని రాడు అని నిజముగనే చెప్పదలచినచో, దానికి ఇంగ్లీషులో చక్కని పలుకుబడి గలదు. 'నాట్ అంటిల్ టెన్' అందురు. మన 'గాని'కి ఇది సరియైన జోడు. రెండు భాషలును ఇచ్చట వ్యతిరేకముతోనే చెప్పుట గమనింపదగినది. సోమవారము వచ్చునని చెప్పుట ఒకటి, సోమవారము గాని రాడని చెప్పుట మరియొకటి. రెండింటిలోను వచ్చు దినము సోమవారమే; రెండవదానిలో అంతకుముందు కాచుకొని యుండు మన బాధ కూడ చేరినది.

ఇంక 'ఇంకా' సంగతి. తెలుగువానికి ఇంత యక్కరకు వచ్చు మాట మరియొకటి లేదు. 'ఇంకా రాలేదు' అందుము. 'ఇంకా ఉన్నాడు' అందుము. 'ఇంకా కావాలి' అందుము. ఇంగ్లీషులో ఈ మూడింటికి మూడు మాటలు: 'యెట్', 'స్టిల్', 'మోర్'. మొదటిది జరుగవలసినది జరుగలేదనును. రెండవది తీరిపోవలసినది తీరలేదనును. మూడవది ఉన్నదానికి మరికొంత చేర్చును. పరాయి దేశమున వైద్యుని యెదుట కూర్చున్న తల్లి 'బిడ్డకు ఇంకా జ్వరముగా ఉంది' అని చెప్పదలచి, 'స్టిల్' అనుటకు మారుగ 'మోర్' అన్నచో, జ్వరము విడువలేదని చెప్పవలసినచోట జ్వరము పెరిగినదని చెప్పినట్లగును. విడువని జ్వరమునకు చేయవలసిన ఆలోచన వేరు, పెరిగిన జ్వరమునకు చేయవలసిన ఆలోచన వేరు. ఇది వ్యాకరణ పరీక్షలో పోవు మార్కులతో ముగియు విషయము కాదు.

'స్టిల్' అను మాటకు పూర్వచరిత్ర తెలిసినచో దాని స్వభావము మరువము. అది మొదట 'కదలక యుండు' అను నర్థము గల మాట. కదలని నీటిని ఈనాటికిని 'స్టిల్ వాటర్' అనియే అందురు. కదలక యున్నది ఎల్లప్పుడు ఉండునది. ఎల్లప్పుడు ఉండునది ఇప్పుడును ఉన్నది. ఇట్లు అర్థము క్రమముగ జరిగి జరిగి నేటి స్థితికి వచ్చినది. కావున 'స్టిల్' అన్నప్పుడెల్ల, మార్పు రావలసియుండగా రాలేదను ధ్వని లోపల నిలిచియుండును.

ఈ ధ్వని ఉత్తరములలో ఎంత పనిచేయునో చూడుడు. మీ జవాబు అందలేదని ఒక పెద్దమనిషికి వ్రాయవలెను. 'ఐ హావ్ నాట్ యెట్ రిసీవ్డ్ యువర్ రిప్లై' యని వ్రాసినచో, జవాబు వచ్చుననియే మా నమ్మకము, ఇంతవరకు మాత్రము అందలేదు, అని వినయముగ చెప్పినట్లు. 'ఐ స్టిల్ హావ్ నాట్ రిసీవ్డ్ యువర్ రిప్లై' యని వ్రాసినచో, ఎన్ని దినములు గడచినను మీకు చీమ కుట్టినట్లైన లేదా, అని అడిగినట్లు. తెలుగున రెండింటిని 'మీ జవాబు ఇంకను అందలేదు' అనియే వ్రాయుదుము; కోపమో వినయమో ముందువెనుకల వాక్యములు తెలుపును. ఇంగ్లీషులో ఆ భారమంతయు ఒక్క చిన్న మాట మీదనే పడినది. దరఖాస్తు పెట్టుకొన్న యువకుడు ఈ భేదమెరుగక రెండవ వాక్యము వ్రాసినచో, అతని ఇంగ్లీషులో తప్పు పట్టువా రెవరును ఉండరు; అతని నడవడిలో తప్పు పట్టుదురు.

'యెట్' అను మాటలో మరియొక గుణమున్నది. ఉద్యోగము రాలేదనుటకును, ఇంకా రాలేదనుటకును నడుమ ఎంత దూరమున్నదో ఆ స్థితిలో నున్నవారికి తెలియును. మొదటిది తలుపు మూసినది. రెండవది తలుపు ఓరగ తెరచియుంచినది. 'నాట్ యెట్' అను రెండు మాటలలో ఇంగ్లీషువారును ఆ తలుపును తెరచియే యుంచిరి. ఎదుటివానిని నొప్పింపక లేదని చెప్పవలసి వచ్చినప్పుడు ఇంతకన్న మేలైన మార్గము లేదు.

'ఇంకా'కు ఎదురుగ నిలుచునది 'అప్పుడే'. అనుకొన్న వేళకు ముందుగ జరిగినదానికి మనము 'అప్పుడే' అందుము. ఇది ఇంగ్లీషున 'ఆల్‌రెడీ' యగును. 'ఆల్' అనగా అంతయు, 'రెడీ' యనగా సిద్ధము. అంతయు సిద్ధమైనది అని మొదటి భావము. మీ రనుకొనుచుండగనే పని ముగిసి సిద్ధముగ నున్నదని తాత్పర్యము. అయితే ఈ మాటను ప్రశ్నలో వాడునపుడు జాగ్రత్త వలయును. భోజనమైనదా యని సామాన్యముగ అడుగుటకు 'యెట్' చాలును. అచ్చట 'ఆల్‌రెడీ' యన్నచో, ఏమిటి, అప్పుడే తినివేసినారా, అని ఆశ్చర్యపోయినట్లగును. అతిథి లేచి వెళ్ళివత్తునన్నప్పుడు 'అప్పుడే వెళ్తారా?' అనుట మర్యాద. ఇంగ్లీషులోను అచ్చట 'ఆల్‌రెడీ' లేక 'సో సూన్' అనుట మర్యాదయే. ఆ అతిథియే గుమ్మములో అడుగు పెట్టినప్పుడు అదే మాట అన్నచో, ఇంత తొందరగ ఎందుకు వచ్చినావని అడిగినట్లు. మాట ఒక్కటే, వచ్చువానికి చెప్పినపుడు ఒక తీరు, పోవువానికి చెప్పినపుడు మరియొక తీరు.

'ఎట్ లాస్ట్' కూడ ఇట్టిదే. మన 'చివరకు' అను మాటకు దీనిని పర్యాయముగ వాడుట తరచుగ చూచుచున్నాము. కాని దీనికి సరియైన తెలుగు 'ఎట్టకేలకు'. ఎంతో కాలము కోరుకొన్నది తీరినప్పుడే ఈ మాట పొసగును. 'చివరకు అతిథులు వెళ్ళిరి' అను వాక్యమును 'ఎట్ లాస్ట్'తో చెప్పినచో, పీడ విరగడైనదని నిట్టూర్చినట్లుండును. కథ ఎట్లు ముగిసినదో చెప్పుటకు 'ఇన్ ది ఎండ్' కలదు. ఉపన్యాసములో కడపటి విషయమునకు 'లాస్ట్‌లీ' కలదు. ఈ రెండింటిలోను నిట్టూర్పు లేదు.

ఇక 'జస్ట్' అను మాట. న్యాయము అను నర్థము గల లాటిను మాటనుండి పుట్టినది. 'జస్టిస్' అను మాటయు ఆ కుటుంబములోనిదే. న్యాయమైనది సరిగ తూగునది. సరిగ తూగునది ఖచ్చితమైనది. ఖచ్చితముగ ఈ క్షణమున జరిగినది ఇప్పుడే జరిగినది. మన 'ఇప్పుడే'కు ఇది మంచి పర్యాయమే గాని, జరిగినదానికి మాత్రమే. జరుగనున్నదానికి మనము 'ఇప్పుడే వస్తాను' అన్నట్లు, వారు 'జస్ట్ నౌ' అని సాధారణముగ అనరు; 'రైట్ నౌ' లేక 'రైట్ అవే' యందురు. అందులోను దేశభేదము లున్నవి. దక్షిణాఫ్రికా ఇంగ్లీషులో 'జస్ట్ నౌ' అనగా ఇప్పుడు కాదు, మరికొంతసేపటికి అని అర్థము. అచ్చట దుకాణములో ఆ మాట విని నిలుచున్నచోటనే వేచియుండు పరదేశీయుడు చాలసేపు నిలువవలసివచ్చును.

ఈ విశేషణములు క్రియారూపమునుగూడ శాసించును. బ్రిటనులో 'జస్ట్', 'ఆల్‌రెడీ', 'యెట్' అను మాటలు ఇట్టి యర్థములలో వచ్చునపుడు క్రియను 'హావ్' తోడుతో చెప్పుట పరిపాటి. 'ఐ హావ్ జస్ట్ ఈటెన్' అని వారందురు. అమెరికావారు 'ఐ జస్ట్ ఏట్' అనియు చెప్పుదురు. అది వారి వాడుకలో తప్పు కాదు. కాని 'అగో' అను మాట విషయమున ఇరువురికిని భేదము లేదు. దానితో 'హావ్' రాదు. రెండు దినముల క్రిందట వచ్చితిననుటకు 'ఐ కేమ్ టూ డేస్ అగో' యనవలెను. దీనికి కారణము ఆ మాటలోనే యున్నది. 'అగో' యనగా పూర్వము 'గడచిపోయిన' అని యర్థము; 'గో' అను క్రియకు చుట్టము. గడచిపోయినదానికి గడచిన కాలమే తగును. రెండు దినములు గడచినవని చెప్పునది గనుకనే ఈ మాట కాలపరిమాణమునకు వెనుక నిలుచును. మన 'క్రిందట' కూడ వెనుకనే నిలుచునది గదా! ఈ ఒక్కచోట తెలుగువానికి వాక్యక్రమము సులభముగ పట్టుబడవలసినది.

అట్లుండియు మనలో పెక్కురు 'బిఫోర్ టూ డేస్' అందురు. 'రెండు దినములకు ముందు' అను తెలుగును మాటకు మాటగ దించుటవలన వచ్చినది ఈ పలుకుబడి. ఇంగ్లీషులో 'అగో' ఇప్పటినుండి వెనుకకు లెక్కించును. 'టూ డేస్ బిఫోర్' అన్నచో మరియొక సంఘటననుండి వెనుకకు లెక్కించును. పెండ్లికి రెండు దినములు ముందు అనునప్పుడు రెండవది తగును. నేటికి రెండు దినముల క్రిందట అనునప్పుడు మొదటిది తగును. 'సిన్స్ టూ ఇయర్స్' అనునదియు ఇట్టి మాటయే. 'సిన్స్' ఒక గుర్తునుండి బయలుదేరును. 1950 నుండి, సోమవారమునుండి, పెండ్లియైనది మొదలు, అని చెప్పదగును. రెండు సంవత్సరములనునది గుర్తు కాదు, కొలత. కొలతకు 'ఫర్' అను మాట కలదు. తెలుగున గుర్తుకును కొలతకును 'నుండి' యను ఒక్క మాటయే సరిపోవుటవలన ఈ తికమక కలుగుచున్నది.

ఇప్పుడు ఒక వినోదమైన సంగతి చెప్పి ముగింతుము. ఇంగ్లీషులో 'వెంటనే' యని చెప్పుటకు పుట్టిన మాటలు కొన్ని వెంటనే అను నర్థముతో నిలువలేదు. నేడు 'త్వరలో' అను నర్థమిచ్చు 'సూన్' అను మాటకు ప్రాచీనాంగ్లమున 'తక్షణమే' యని యర్థము. 'ఎనన్' అను మాటకును మొదట అదే యర్థము. షేక్స్‌పియరు వ్రాసిన నాల్గవ హెన్రీ నాటకము మొదటి భాగము 1598లో అచ్చయినది. అందు సారాయి దుకాణములోని కుర్రవాడొకడు పిలిచినప్పుడెల్ల 'ఎనన్' అని కేకవేయుచునే యుండును. ఇటు ఒకరు, అటు ఒకరు పిలుచుచుండగా వాడు ఎటును పోలేక నిలిచిపోవును. మన కాఫీహోటళ్ళలో 'ఇదిగో వస్తున్నానండీ' యను మాటకు ఏ గతి పట్టినదో, ఆ మాటకును అదే గతి పట్టినది.

1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో హేరోదు రాజును యోహాను శిరస్సు అడిగిన బాలిక, 'బై అండ్ బై' ఇమ్మని కోరును. తక్షణమే యని ఆనాటి యర్థము. నేటివాడు దానిని నేటి యర్థముతో చదివినచో, తీరికగ ఎప్పుడైన ఇమ్మని అడిగినదనుకొనును. ఆ ఘట్టములోని భయంకరత్వమంతయు పోవును. ఆ గ్రంథములోనే అంజూరపు చెట్టు 'ప్రెజెంట్లీ' ఎండిపోయినదని యున్నది. అచ్చట తక్షణమే యని భావము. ఇంగ్లండులో ఆ మాటకు తరువాత 'కొంతసేపటికి' అను నర్థము స్థిరపడినది. స్కాట్లండులోను అమెరికాలోను 'ప్రస్తుతము' అను నర్థమున వాడుదురు. మన కార్యాలయముల ఉత్తరములలోను ప్రస్తుతమనియే వాడుచున్నాము. ఉత్తరము ఏ దేశమునకు పోవునో తెలియనప్పుడు ఈ మాటను విడిచి, ఇప్పుడైనచో 'నౌ' అనియు, త్వరలోనైనచో 'సూన్' అనియు వ్రాయుట క్షేమము. 'మొమెంటరిలీ' యను మాటయు ఇట్టిదే. అమెరికాలో విమానము 'మొమెంటరిలీ' దిగుననగా, ఇక క్షణములో దిగునని అర్థము. ఆ మాటకు క్షణకాలము మాత్రమే అను నర్థమెరిగిన ఇంగ్లండువాడు, విమానము ఒక్క క్షణము దిగి మరల ఎగిరిపోవునా యని పరిహాసమాడును.

ఈ మాటలు ఇట్లు జారిపోవుటకు కారణము వ్యాకరణము కాదు, మనుష్యస్వభావము. వెంటనే చేయుదునని చెప్పినవాడు కొంత ఆలస్యము చేసెను. వినువాడు ఆ ఆలస్యమును మాటయొక్క అర్థములో కలుపుకొనెను. తరతరములుగ ఇట్లు జరుగగా మాట అర్థమే జరిగినది. అందుచేతనే తక్షణమే యని చెప్పుటకు ప్రతి తరమువారును క్రొత్త మాటలు వెదకుకొనవలసి వచ్చినది.

కావున ఇంగ్లీషున కాలమును గూర్చి మాటలాడునప్పుడు, వ్రాయునప్పుడు, ఈ మాటలను విడివిడిగ వల్లించుటకన్న రెండు ప్రశ్నలు వేసికొనుట మేలు. జరిగినది ఎప్పుడు? అది మన మనుకొన్నదానికి ముందా, వెనుకా, సరిగ అప్పుడేనా? మొదటి ప్రశ్నకు గడియారమో పంచాంగమో జవాబు చెప్పును. రెండవదానికి మనమే చెప్పుకొనవలెను. ముందైనచో 'ఆల్‌రెడీ', జరుగవలసియున్నచో 'యెట్', తీరక నిలిచియున్నచో 'స్టిల్', కాచి కాచి పొందినచో 'ఎట్ లాస్ట్'. ఈ రెండవ జవాబు మనకు స్పష్టముగ తెలిసినచో సరియైన మాట చాలవరకు దానియంతట అదియే వచ్చి చేరును. అది తెలియకుండ మాట చేర్చుటకన్న ఏ మాటయు చేర్చకుండుట మంచిది. ప్లాట్‌ఫారము మీది నాలుగవవాని వాక్యములో తప్పేమియు లేదు గదా!